బెల్టుకు గుగ్గిలం పూసిన మా అత్త

పోయిన వారం మా అత్త చనిపోయింది. పడవలు వేటకు వెళ్ళాక, ఇంకా చీకటి పూర్తిగా విడవకముందే, టీ పెట్టి లేపబోతే లేవలేదు. నిద్రలోనే వెళ్ళిపోయింది. బతికినన్నాళ్ళూ ఇంటిల్లిపాదినీ నిలబెట్టి పని చేయించిన మనిషి, పోయేటప్పుడు మాత్రం ఎవరికీ ఒక్క పని కూడా చెప్పకుండా పోయింది. నాకు ముందు కోపం వచ్చింది. ఏడుపు తరవాత వచ్చింది.

మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. వాకాడు దాటి తూర్పుకు వస్తే సముద్రపు ఒడ్డున ఉండే చిన్న పాలెం మాది. ఆమె ఎరిగిన లోకానికి ఒక కొస ఈ ఒడ్డు, ఇంకో కొస గూడూరు బస్టాండు. పొట్టి మనిషి, గట్టి గొంతు. గాలి ఎటు వీస్తున్నా ఆమె పిలుపు పడవల దాకా వినబడేది. అత్తలేని కోడలు ఉత్తమురాలు అని సామెత చెప్పి నవ్వేవాళ్ళను చాలామందిని చూశాను. నేను అత్త ఉన్న కోడల్ని. ఉత్తమురాలినో కాదో ఊరు చెప్పాలి గాని, నా ఇంట్లో ఈ రోజు పొయ్యి వెలుగుతోందంటే అది ఆమె చలవే.

మా ఒడ్డున జెట్టీ లేదు. వేట నుంచి వచ్చిన ఫైబరు పడవల్ని అలలు అందుకోని చోటికి ఇసక మీద పైకి లాగి పెట్టాలి. ఆ లాగుడు పని మా ఇంటిది. అందుకు మాకు ఒక ముసలి ట్రాక్టరు ఉంది. ట్రాక్టరంటే మీరు రోడ్ల మీద చూసేది కాదు. నిమ్మచెట్ల సందుల్లో దున్నడానికి చేసిన సన్నపాటి తోట బండి. మా మామ దాన్ని గూడూరు పక్కన ఒక నిమ్మతోట వాళ్ళ దగ్గర పాతదే కొని తెచ్చాడు. తోటలో పాదుల మధ్య తిరిగిన బండి మా దగ్గరకొచ్చి పడవలు లాగింది. లాగినందుకు ప్రతి పడవ నుంచీ కొన్ని చేపలు మా గంపలో పడేవి. వాటిని మా అత్త ఊళ్ళల్లోకి తీసుకెళ్ళి అమ్ముకొచ్చేది. మాకు పొలం లేదు, సొంత పడవ లేదు. బతుకుతెరువంతా ఆ గంపే.

మామ పోయాక బండి నా పెనిమిటి చేతికి వచ్చింది. ఒక రోజు అలకు పక్కకు ఒరిగిన పడవ ఆయన ఎడమ మోకాలి మీద పడింది. కాలు నిలిచింది గాని క్లచ్చు తొక్కే బలం పోయింది. ఇక ఇంట్లో స్టీరింగు పట్టడం తెలిసింది నాకే. మా పుట్టిల్లు జువ్వలదిన్నె వైపు. అక్కడ మా నాయన ఐసు తోలే ట్రాక్టరు నడిపేవాడు, కొడుకులు లేని లోటు నాకు నేర్పి తీర్చుకున్నాడు. అయినా ఒడ్డున అందరి ముందూ సీటెక్కాలంటే నాకు కాళ్ళు రాలేదు. మా పాలెంలో ఆడవాళ్ళు చేపలమ్ముతారు, ఎండబెడతారు, వలలు బాగుచేస్తారు. పడవ తాడు మాత్రం మగవాళ్ళ వ్యవహారం.

"ఏందిమే, అట్టా నిలబడుండావు? ఎక్కి కూచో," అంది మా అత్త. "ఎక్కింది మొగోడో ఆడదో బండికేం తెలస్తాది?"

"నువ్వు కూడా పక్కన ఎక్కత్తా. నాకు ధైర్యంగా ఉంటాది."

"నేనెక్కను. ఈ ఎగిరెగిరి పడే ఇనుం మీద కూచుంటే నాకు కళ్ళు తిరగతాయి. నడిచొస్తా, పో."

అన్నట్టే నడిచి వచ్చింది. ఆ ఒక్క రోజే కాదు, ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ. మడ్‌గార్డు మీద ఒక చెయ్యి వేసి, బండితో సమంగా, తడి ఇసకలో. బండి ఆమెను తీసుకుపోతోందో, ఆమే బండిని తోలుకుపోతోందో కొత్తవాళ్ళకు అర్థమయ్యేది కాదు.

ఆమెకో గుణం ఉండేది, మంచిదని చెప్పలేను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. నా పెళ్ళైన కొత్తలో ఒకసారి చేపల పులుసులో మరిచిపోయి రెండుసార్లు ఉప్పేసింది. ఎవరమూ నోట పెట్టలేకపోయాం. "ఏందత్తా ఇంత ఉప్పుండాది?" అన్నాను, అప్పటికింకా ఆమె సంగతి తెలియక. ఆమె ముద్ద మింగి, "ఈ ఏడు సముద్రానికే ఉప్పెక్కువైంది, చేపలేం చేస్తాయి?" అంది. నవ్వలేదు. మామ కూడా నవ్వకుండా గిన్నె ఖాళీ చేసి లేచాడు. ఆమె నోటి నుంచి 'నాది తప్పు' అన్న మాట విన్నవాళ్ళు మా పాలెంలో ఒక్కరు కూడా లేరు. ఇది ఎందుకు చెబుతున్నానో ముందుకెళితే మీకే తెలుస్తుంది.

నేను సీటెక్కిన దగ్గర్నుంచీ పడవల వాళ్ళలో గుసగుసలు మొదలయ్యాయి. అదే సమయంలో పక్క పాలెంలో ఒకాయన పెద్ద కొత్త ట్రాక్టరు తెచ్చాడు. మా ఒడ్డు లాగుడు కూడా తనకే ఇప్పించమని మా ఊరి పెద్దను అడుగుతున్నాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. కొన్న బండికి పని కావాలి, అంతే. ఊరి పెద్ద అవుననలేదు, కాదనలేదు. నా చేతిలో ఒక్క పొరపాటు జరిగితే చాలు, ఆ పని మా గడప దాటిపోతుంది. ఈ సంగతి నాకు తెలుసు, మా అత్తకు తెలుసు, ఒడ్డున వాలే కాకులకు కూడా తెలుసు.

సరిగ్గా అప్పుడే బెల్టు జారడం మొదలుపెట్టింది.

ఆ బండిలో ఇంజను బలం చక్రాలకు చేరేది రెండు రబ్బరు బెల్టుల మీదుగా. ఇంజను దగ్గర ఒక చిన్న పుల్లీ, గేరుబాక్సు దగ్గర ఒక పెద్ద పుల్లీ, రెంటినీ చుట్టి బెల్టులు. క్లచ్చు వదిలితే, స్ప్రింగుతో లాగి పట్టిన ఇంకో బుల్లి పుల్లీ ఆ బెల్టుల్ని నొక్కి బిగిస్తుంది. అప్పుడే బండి కదులుతుంది. బెల్టు జారితే ఇంజను గొంతు చించుకుంటుంది గాని చక్రం తిరగదు. కీచుమని అరుపు, రబ్బరు మాడిన వాసన. మొదట్లో బరువైన పడవలకే జారేది. పోనుపోను తేలికవాటికి కూడా జారింది. నా పెనిమిటి స్ప్రింగు బిగించాడు. కొన్నాళ్ళు బాగుండి మళ్ళీ మొదలు. ఇంకా బిగించాడు. చివరికి బిగించడానికి మర మీద చోటే లేకపోయింది.

కొన్ని పడవలు లాగాక ముందుగా ఇంటికి వచ్చిన మా అత్త పెరట్లో చేపలు తోముతూ, ఒడ్డు మీంచి వచ్చే ఆ అరుపు వినేది. "మళ్ళీ ఏడస్తుండాది చూడు," అనేది.

"కొత్త బెల్టులు వెయ్యాల్సిందేనమ్మా," అన్నాడు నా పెనిమిటి.

"చూద్దాం, గమ్మునుండు."

ఆ 'చూద్దాం' ఏమిటో మర్నాడు తెలిసింది. కట్టె పడవల కాలంలో పలకల సందుల్లోంచి నీళ్ళు రాకుండా గుగ్గిలం కాచి పూసేవారు. ఇప్పుడన్నీ ఫైబరు పడవలు, గుగ్గిలంతో ఎవరికీ పని లేదు. మా ఇంట్లో మాత్రం మామ మిగిల్చిపోయిన గడ్డ ఒకటి అటక మీద ఉండేది. ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి ఆలోచన ఇలా ఉంటుంది. చేతిలో తాడు జారితే ఇసక రాసుకుంటాం, పడవ కారితే గుగ్గిలం పూస్తాం, మరి బెల్టు జారితే? ఆమె నేను లేవకముందే ఆ గడ్డను రోట్లో వేసి మెత్తగా దంచి, బెల్టులు రెంటికీ లోపలా బయటా దట్టంగా పూసింది. ఎవరికీ చెప్పలేదు.

మొదటి పడవను మా బండి మళ్ళీ వయసొచ్చినట్టు లాగేసింది. కీచు లేదు, జారుడు లేదు. నాకు ఆశ్చర్యం వేసింది. పక్కన నడుస్తున్న అత్త ముఖం చూస్తే ఏదో గెలిచినట్టుంది. రెండో పడవ సగం పైకి వచ్చేసరికి గుడిలో ధూపం వేసినట్టు ఘుమఘుమలాడే వాసన మొదలైంది. "ఈడ సాంబ్రాణి ఎవురేస్తుండారబ్బా?" అని తాడు పట్టుకున్నాయన చుట్టూ చూశాడు. నేనూ చూశాను. పొగ నా కాళ్ళ కిందనుంచే వస్తోంది.

మూడోది పెద్ద పడవ. వలలు తడి మీద ఉన్నాయి, చేపలు ఇంకా దించలేదు. వాలెక్కుతూ ఉండగా బెల్టులు రెండూ ఒక్కసారిగా పట్టు వదిలేశాయి. వేడికి గుగ్గిలం కరిగి నున్నటి పూత అయి కూర్చుంది. నేను బ్రేకు తొక్కాను. తడి ఇసకలో బ్రేకు ఏం ఆపుతుంది? పడవ బరువుకు బండి కూడా వెనక్కి జారింది. పడవ అడ్డం తిరిగింది, వచ్చిన అల దాన్ని బోర్లా వేసింది. మనుషులు పక్కకు దూకారు. గంగమ్మ తల్లి దయ, ఎవరికీ దెబ్బ తగల్లేదు. చేపలు మాత్రం నీళ్ళపాలయ్యాయి. వలల నిండా ఇసక, పడవ ఇంజను నిండా ఉప్పునీళ్ళు.

"ఆడదాని చేతికి బండిస్తే ఇట్టనే ఉంటాది! క్లచ్చు మీద కాలు నిలవదు!" అని పడవాయన నా మీదికి వచ్చాడు. నష్టపోయిన మనిషి, ఆయన్ను ఏమంటాను? నా కాలు క్లచ్చు మీద లేనే లేదని నాకు తెలుసు. చెబితే ఎవరు వింటారు?

మధ్యాహ్నం ఊరి పెద్ద అందర్నీ సరుగుడు తోపు నీడకు రమ్మన్నాడు. పక్క పాలెం ట్రాక్టరాయన కూడా వచ్చి ఒక పక్కగా కూర్చున్నాడు. అది చూడగానే మా పని అయిపోయిందనుకున్నాను. పడవాయన జరిగిందంతా మళ్ళీ చెప్పాడు. కొందరు తలలూపారు. "ఆ యమ్మి మంచిదే, కష్టపడతాది. కానీ ఇది ఆడోళ్ళ పని కాదబ్బా," అన్నాడొక పెద్దాయన నెమ్మదిగా. తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. మంచిగా అనేసరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు మా అత్త లేచింది.

"బండి నడిపింది మా కోడలు. బెల్టులకు గుగ్గిలం కొట్టింది నేను. దానికి తెలీదు, నా కొడుక్కీ తెలీదు. తప్పు నాది. దాని కాలిది కాదు."

ఊరి పెద్ద భుజం మీది తువ్వాలు తీసి మళ్ళీ వేసుకున్నాడు. "నువ్వేనా ఈ మాటంటుండేది?" అన్నాడు.

"నేనే. ఇంకోసారి చెప్పమంటావా? పొద్దన్నే రోట్లో దంచి కొట్టినా. వాసన మీ అందరికీ తగిలింది కదా. నేను చేసిన దానికి ఆ పిల్ల నోట్లో మట్టి కొట్టబాకండి."

కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. ఆమె గమ్మున ఉండి ఉంటే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు, వాసన గాలికి పోయేది. నిందంతా నా కాలి మీదే ఉండిపోయేది. ఆ రోజు సరుగుడు చెట్ల కింద ఆమె చెప్పిన ఆ రెండు మాటల కోసం, ఆమె అంతకుముందు అన్నవీ ఆ తరవాత అన్నవీ అన్నీ నేను క్షమించేశాను. అవి తక్కువేమీ కాదు.

ఊరి పెద్ద కాసేపు ఇసకలో పుల్లతో గీతలు గీశాడు. "సరే, బండి బాగు చేసుకోండి. అందాకా ఆయప్ప లాగతాడు. అమావాస్య దాటినాక ఇదే పడవను లాగి చూపీండి. జారిందా, ఇంక మాట్లేదు, పని ఆయప్పదే," అన్నాడు పక్క పాలెం ఆయన్ను చూపిస్తూ.

మర్నాడు నేనూ అత్తా బెల్టులు విప్పుకొని గూడూరు బస్సెక్కాం. సంచిలో పెట్టమంటే వినలేదు, సంచి పాడవుతుందని రెంటినీ భుజాన వేసుకుంది. "ఏందవ్వా, పాముల్ని పట్టుకొచ్చినావా?" అన్నాడు కండక్టరు. "టికెట్టు నాకు కొట్టు నాయనా, వాటికొద్దు," అంది. బస్సంతా నవ్వింది. ఆమె నవ్వలేదు గాని కిటికీ వైపు తిరిగి పెదవి బిగించడం నేను చూశాను.

గూడూరు మెకానిక్కు బెల్టు చేతికి తీసుకోగానే ముక్కు దగ్గర పెట్టుకొని, "ఎవరమ్మా దీనికి ధూపం వేసింది?" అన్నాడు.

"నేనే," అంది మా అత్త వెంటనే. ఊరందరి ముందూ ఒప్పుకున్నాక, ఇక ఈయనొక లెక్కా అనిపించినట్టుంది.

ఆయన నవ్వి, బెల్టు తిరగేసి చూపించాడు. "ఇది అడుగుతో లాగదమ్మా, పక్కలతో లాగతాది. పుల్లీ గాడిలో రెండు గోడల మధ్య ఇరుక్కొని కూచోవాల. మీ బెల్టుకు అడుగు కూడా మెరస్తుండాది చూడండి. అంటే పుల్లీ గాడి అరిగిపోయి, బెల్టు దిగబడి నేలకు తగలతా ఉండాది. ఈ పుల్లీ మీద కొత్త బెల్టులేసినా జారతాయి. ముందు పుల్లీ తెండి."

ఇంజను పుల్లీ ఊడదీయడానికి ఒక పూటంతా పట్టింది. నా పెనిమిటి బోర్లించిన గంప మీద కూర్చొని, బాగాలేని కాలు చాపుకొని, తుప్పుకు నూనె పోస్తూ, వేడి చేస్తూ, లాగుతూ, మధ్యలో మా మామను కూడా నాలుగు తిట్లు తిడుతూ మొత్తానికి బయటికి తీశాడు. మెకానిక్కు చెప్పినట్టే ఉంది. గాడి గోడలు లోపలికి గుంటపడిపోయి ఉన్నాయి. నిమ్మతోటలో దుమ్ము తిన్న పుల్లీ, మా దగ్గరకొచ్చాక ఉప్పు ఇసక తింది. మేమంతా ఇన్నాళ్ళూ బెల్టును తిట్టుకుంటూ స్ప్రింగు బిగిస్తూ వచ్చాం. మళ్ళీ గూడూరు వెళ్ళి, లేతు మీద అదే కొలతకు ఇంకో పుల్లీ చేయించాం.

బెల్టుల జత తీసుకునేటప్పుడు, ఒకటి ఇంకా పనికొస్తుందేమో, ఒక్కటే మారిస్తే చాలదా అని అడిగింది మా అత్త.

"వొద్దమ్మా. పాతది సాగిపోయుంటాది. పక్కన కొత్తదేస్తే బరువంతా అదే మోయాల."

"కొత్త కోడలి మాదిరి," అని నా వైపు చూసింది.

"మరి సాగిపోయిన పాతదెవరత్తా?" అన్నాను. మెకానిక్కు గల్లాపెట్టె వైపు తిరిగి దగ్గినట్టు నటించాడు.

ఇంటికొచ్చాక పెద్ద పుల్లీ శుభ్రం చేసే పని ఎవరికీ ఇవ్వలేదు. కరిగిన గుగ్గిలం గాడుల్లో గట్టిపడి ఉంది. "పూసింది నేను, గీకేది కూడా నేనే," అని డీజిలు గుడ్డా ఈనెపుల్లా పట్టుకొని కూర్చుంది. తరవాత సబ్బునీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, వేలు పెట్టి చూసి, మళ్ళీ తుడిచింది. ఇసక పడకుండా పాత ప్లాస్టిక్కు డ్రమ్ము ముక్క కోసి ఇంజను పుల్లీకి మూత కూడా సిద్ధం చేసింది.

రెండు పుల్లీలూ ఒకే వరసలో ఉండాలి, లేకపోతే బెల్టు పక్కకు ఒరుసుకుంటుంది. తిన్నటి కర్ర ఆనించి చూసుకోమన్నాడు మెకానిక్కు. మా ఇంట్లో తిన్నటి కర్ర ఒక్కటీ దొరకలేదు. మా అత్త వల అల్లే దారం తెచ్చింది. జీవితమంతా దారాలు లాగి చూసిన చేతులు ఆమెవి. పుల్లీల అంచుల మీదుగా దారాన్ని బిగించి పట్టుకొని, ఒక కన్ను మూసి చూసింది. ఇంజను వైపు సందు కనిపించింది. "ఇటు జరుపు. ఇంకా రవ్వంత. రవ్వంతంటే రవ్వంతేరా, గూడూరు దాకా తొయ్యబాక." కొడుకు ఇంజను బోల్టులు వదులు చేసి జరిపాడు. దారం అన్ని అంచులకూ తాకింది.

చివరికి బెల్టుల్ని నడుమ బొటనవేలితో నొక్కి చూస్తూ, "బిగిచ్చేస్తే తెగతాది, వదిలేస్తే జారతాది," అంది.

నాకు మనసు నిండిపోయింది. "ఎంత బాగా చెప్పినావత్తా! సంసారమూ అంతే కదా."

"సంసారం ఊసు ఎవురెత్తినారుమే? నేను బెల్టు గురించి చెప్తుండా. ఏలు పెట్టి నొక్కి చూడు ముందు."

అమావాస్య దాటింది. పెద్ద పడవ వచ్చింది. పడవాయనే స్వయంగా తాడు ముడి వేసి, రెండుసార్లు లాగి చూసి పక్కకు జరిగాడు. పక్క పాలెం ఆయన తన బండిని స్టార్టు చేసి సిద్ధంగా పెట్టుకున్నాడు. మా అత్త వచ్చి మడ్‌గార్డు మీద చెయ్యి వేసింది. నేను క్లచ్చు మెల్లగా వదిలాను. తాడు నేల మీంచి లేచి బిగిసింది. ఇంజను గొంతు బరువెక్కింది. ఎక్కడ కీచుమంటుందోనని నా ప్రాణమంతా చెవుల్లో పెట్టుకున్నాను. పడవ ముక్కు పైకి లేచింది. ఆగకుండా, అరవకుండా, వాలంతా ఎక్కి వచ్చి తన చోట నిలిచింది.

చప్పట్లు కొట్టే అలవాటు మా ఒడ్డున లేదు. పడవాయన నా ముఖం చూడకుండా రెండు వంజరం చేపలు తీసి మా గంపలో వేశాడు. ఊరి పెద్ద వెళ్ళిపోతూ, "మీ అత్త ముఖం చూసి ఇస్తుండామమ్మా, జాగర్త," అన్నాడు.

పని నిలిచింది. కానీ ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. లాగింది నేను, ముఖం ఆమెది. ఆ తరవాత కూడా చాలాసార్లు విన్నాను, ముసలామె ఉన్నన్నాళ్ళు సాగుతుందిలే అని. ఒకసారి ఉండబట్టలేక ఆమెతోనే అన్నాను, నువ్వు పోతే నా పని కూడా పోతుందంట కదా అని.

"నా ముఖంలో ఏముండాది, ముడతలు తప్ప? నువ్వు లాగతా పో," అంది.

ఒప్పుకోవడం వచ్చింది కదా, మనిషి మారిపోయిందేమో అనుకునేరు. అదేం లేదు. వారం తిరక్కుండానే మళ్ళీ పాత మనిషి. విప్పిన బెల్టుల్ని కూడా పారెయ్యనివ్వలేదు. ముక్కలు కోసి మేకల దొడ్డి తలుపుకు కీళ్ళుగా కొట్టింది, నీళ్ళ డ్రమ్ము కింద జారకుండా పెట్టింది, ఒక ముక్కతో చెప్పు పట్టీ కూడా వేయించుకుంది. మంచాన పడ్డాక అక్కడినుంచే ఇంజను చప్పుడు వినేది. నేను ఇంటికి రాగానే "ఎడం పక్క బెల్టు వదులైంది, చూడు" అనేది. విప్పి చూస్తే సగంసార్లు ఏమీ ఉండేది కాదు. ఏం లేదత్తా అంటే, "ఏం లేదని తెలిసింది కదా, మంచిదే" అనేది.

ఆమె పోయిన రోజు పడవలు అప్పటికే సముద్రంలో ఉన్నాయి. నేను ఆమె పక్కన కూర్చొని ఉండగా, పొద్దెక్కాక పడవ ఇంజన్ల చప్పుడు ఒడ్డుకు దగ్గరవడం వినిపించింది. అలవాటు కొద్దీ లేవబోయాను. ఆడవాళ్ళు పట్టుకొని కూర్చోబెట్టారు. ముసలామె పోయింది కదా, ఇక ఆ పెద్ద ట్రాక్టరే వస్తుంది అనుకున్నాను. దాని మోత చాలా దూరం వినబడుతుంది. దాని కోసం చెవులు రిక్కించి కూర్చున్నానని చెప్పడానికి సిగ్గేస్తుంది, కానీ కూర్చున్నాను. రాలేదు. ఏడ్చి ఏడ్చి నాకే వినబడలేదనుకున్నాను. కాసేపటికి మగవాళ్ళంతా నిలువునా తడిసిన బట్టలతోనే ఇంటికి వచ్చారు. వాళ్ళే ఆమెను మోశారు.

మట్టి చేసి వచ్చాక, సాయంత్రం పూట, నేను ఒక్కదాన్నే ఒడ్డుకు వెళ్ళాను. పడవలన్నీ ఇసక మీదే ఉన్నాయి, ఎప్పటిలా ఒక వరసలో మాత్రం లేవు. ఒకటి పైకి, ఒకటి కిందికి, ఒకటి అడ్డంగా. మనుషుల సత్తువ ఎక్కడ అయిపోతే అక్కడ ఆగినట్టున్నాయి. పెద్ద పడవ అన్నిటికంటే కింద, గుంజలకు తాళ్ళు వేసి కట్టి ఉంది. ఆ పడవాయన ముళ్ళు మళ్ళీ బిగిస్తున్నాడు. తాడు ఒరుసుకొని ఆయన అరచేతులు ఎర్రగా పొక్కి ఉన్నాయి.

"ఆ పెద్ద బండిని పిలవాల్సింది కదన్నా," అన్నాను.

"లాగేదానివి నువ్వుండావు కదమ్మా," అన్నాడు ముడి మీంచి చూపు తిప్పకుండా. "ఈ రెండు దినాలు ఎట్టాగూ వేటకు పోము. నీకు చేతనైనప్పుడు వచ్చి వరసలో పెడుదువు, తొందరేం లేదు."

ఆయన వెళ్ళిపోయాక నేను అక్కడే నిలబడ్డాను. ఒడ్డు మీద ఎక్కడా టైరు గుర్తు లేదు. ప్రతి పడవ వెనకా నీళ్ళ దాకా పాదాల గుర్తులే, మడమలు లోతుగా దిగబడి, ఒకదాని మీద ఒకటి, లెక్కపెట్టలేనన్ని. ఆ గుర్తుల కింది వరసల్లోకి అప్పుడప్పుడే నీళ్ళు వస్తున్నాయి.